పట్టపగలు చింతచెట్టు తొర్రలో గుడ్లగూబలు, ఇది మామూలేనా?

దొడ్లో_చింతచెట్టు
జనవరి 22

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లాలో బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక పల్లె. నేను చెన్నైలో ఉద్యోగం చేస్తాను. డిసెంబరులో నాన్న గుండెకి స్టెంట్ వేశారు, సంక్రాంతికని వచ్చినదాన్ని మళ్ళీ వెనక్కి పోకుండా ఇక్కడి నుంచే లాప్‌టాప్‌లో పని చేసుకుంటున్నాను. మా దొడ్లో తాతల నాటి చింతచెట్టు ఒకటి ఉంది. బోదె ఇద్దరు మనుషులు చేతులు చాపినా అందదు, రోడ్డు వైపు కొమ్మ ఒకటి ఎండిపోయింది, దానికి కాస్త కింద పెద్ద తొర్ర ఉంది.

నేను పని చేసుకునే కిటికీ ఆ తొర్రకి సరిగ్గా ఎదురు. పది రోజుల నుంచి పొద్దున ఎనిమిది గంటలప్పుడు, ఎండ ఆ తొర్ర మీద పడే వేళకి, ఒక చిన్న గుడ్లగూబ బయటికొచ్చి అంచు మీద కూర్చుంటోంది. చిన్నదంటే గోరింక కంటే కాస్త లావు, అంతే. బూడిదా గోధుమా కలిసిన రంగు, ఒళ్ళంతా సున్నం చిలకరించినట్టు తెల్లచుక్కలు, పసుపుపచ్చటి కళ్ళు. ఒక్కోరోజు రెండోది కూడా వస్తుంది, రెండూ ఆనుకుని కూర్చుని ఒకదాని మెడ ఒకటి ముక్కుతో దువ్వుకుంటాయి. తొమ్మిదిన్నర దాకా అక్కడే ఉండి మెల్లగా లోపలికి పోతాయి.

గుడ్లగూబకి పగలు కళ్ళు కనపడవని చిన్నప్పటి నుంచి వింటున్నాను, నేనూ అదే నమ్మాను. కానీ నిన్న సాయంత్రం నాలుగున్నరకి, ఇంకా ఎండ బాగా ఉండగానే, అది చెట్టు మీద నుంచి దిగి ప్రహరీగోడ పక్క గడ్డిలో మిడతని పట్టుకుని మళ్ళీ కొమ్మ మీదకి పోయింది. కళ్ళు కనపడకపోతే అంత దూరం నుంచి మిడత ఎలా కనపడింది?

అసలు నా బాధ అమ్మ గురించి. నాన్న ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తర్వాతే ఇవి కనపడటంతో ఆమెకి ఒకటే టెన్షన్. రాత్రి గూబ అరిస్తేనే మంచిది కాదంటారు, పగలు కనపడితే ఇంకా చెడ్డదని పక్కింటి పెద్దమ్మ చెప్పింది. మొన్న అమ్మ బట్టలు ఆరేస్తుంటే అది ఆమెనే చూస్తూ తల పైకీ కిందికీ, పక్కలకీ ఆడించిందట. "రమ్మని పిలస్తా ఉందే" అని ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. చెట్టు కొట్టే మనిషికి కబురు పెట్టారు, వచ్చే ఆదివారం వస్తాడు. నాన్న ఏమీ మాట్లాడటం లేదు.

నేను అడగాలనుకున్నవి ఇవి. పగలు తిరిగే గుడ్లగూబకి జబ్బేమైనా ఉన్నట్టా? అది తల అలా ఎందుకు ఆడిస్తుంది? చెట్టు కొట్టేస్తే అవి ఇంకోచోట బతకగలవా? అమ్మతో ఎలా మాట్లాడాలి? తెలిసినవాళ్ళు చెప్పండి, ఆదివారానికి ఎక్కువ రోజులు లేవు.


కావలి_సైన్స్‌టీచర్
జనవరి 22

అమ్మా, ముందుగా నాన్నగారు త్వరగా కోలుకోవాలి.

మీరు చెప్పిన ఆనవాళ్ళను బట్టి అవి చుక్కల చిన్న గుడ్లగూబలు, మన పల్లెల్లో పైడికంటె అనేది దీన్నే. ఒళ్ళు సుమారు 21 సెంటీమీటర్లు ఉంటుంది. కళ్ళ పైన కనుబొమ్మల్లా తెల్లగీతలు, మెడ చుట్టూ తెల్లటి పట్టీ ఉంటాయి, ఈసారి కనపడినప్పుడు చూడండి. మన దేశంలో గుడ్లగూబలు ముప్ఫై రకాలకు పైనే ఉన్నాయి, వాటిల్లో మనుషుల మధ్య ఇంత చనువుగా బతికేది ఇదే. చింత, మర్రి, తాటిమోడు, పాత గోడల్లో కన్నాలు, ఎక్కడ తొర్ర దొరికితే అక్కడ జంటగా కాపురం పెడుతుంది.

దానికి జబ్బేమీ లేదు. ఇది ముఖ్యంగా సందెవేళల్లో తిరిగే పక్షి, పగలు కూడా కొంతసేపు బయట ఉండటం దాని అలవాటే. చలికాలంలో పొద్దున ఎండ కాచుకోవడం మీరు రోజూ చూస్తున్నదే. నేను కావలిలో రైల్వే క్వార్టర్ల వైపు ఉండే మర్రిచెట్టు దగ్గర పదకొండు గంటలకి కూడా వీటిని చూశాను.

కళ్ళు కనపడవన్న మాట నిజం కాదు. గుడ్లగూబ కంటిపాప చీకట్లో బాగా విచ్చుకుంటుంది, ఎండలో మన కంటిపాపలాగే చిన్నదైపోతుంది. వెలుతురు ఎక్కువైతే రెప్పలు సగం దించుకుని కూర్చుంటుంది, అది చూసి మనం గుడ్డిదనుకుంటాం. పగలు కదలకుండా కూర్చోవడానికి అసలు కారణం మిగతా పక్షులు. గుడ్లగూబ బయట కనపడితే కాకులు, పసులపోలిగాళ్ళు, గోరింకలు, ఆఖరికి ఉడుతలు కూడా చుట్టూ చేరి అరిచి గోల చేస్తాయి, తమ పిల్లల్ని రాత్రిపూట తినేది ఇదేనని వాటికి తెలుసు. ఆ గోల పడలేక కదలకుండా ఉంటుంది తప్ప చూపు లేక కాదు. మా పిల్లలకి నేను చెప్పేది కూడా ఇదే, ఒకచోట కాకులు విడవకుండా అరుస్తూ ఒకే కొమ్మ చుట్టూ తిరుగుతున్నాయంటే అక్కడ గుడ్లగూబ ఉందేమో వెతకండి అని.

ఇంక తల ఆడించడం. ఇది అమ్మగారికి తప్పకుండా చెప్పండి. మన కన్ను గుండ్రంగా ఉండి గూట్లో ఇటూ అటూ తిరుగుతుంది. గుడ్లగూబ కన్ను గొట్టంలా ఉంటుంది, దాని చుట్టూ ఎముక వలయం బిగిసి ఉంటుంది, అందుకని కన్ను కదలదు. పక్కకి చూడాలంటే తలే తిప్పాలి. మన మెడలో ఎముకలు 7 అయితే దాని మెడలో 14, తలని ఒక పక్కకి 270 డిగ్రీల దాకా తిప్పగలదు. ఎదురుగా ఉన్నది ఎంత దూరంలో ఉందో తేల్చుకోవాలంటే రెండు మూడు చోట్ల నుంచి చూడాలి కదా, అందుకే తల పైకీ కిందికీ పక్కలకీ జరుపుతుంది. తీగ మీద చీర ఎగురుతుంటే, దాని వెనక మనిషి కదులుతుంటే, ఆ మనిషి ఎంత దూరంలో ఉంది, దగ్గరికొస్తోందా అని అది కొలుచుకుంది. అది మీ అమ్మగారిని పిలవలేదు, ఆమెని చూసి భయపడింది.

ఆదివారం సంగతి. దక్షిణాదిలో ఇవి గుడ్లు పెట్టే కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. జంట కలిసి తొర్ర దగ్గర అంతసేపు ఉంటోందంటే లోపల గుడ్లు ఉండొచ్చు, లేదా త్వరలో పెట్టొచ్చు. మామూలుగా మూడు నాలుగు పెడతాయి. ఇప్పుడు చెట్టు కొడితే అవన్నీ పోతాయి. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గుడ్లగూబలకి రక్షణ ఉంది, పట్టుకోవడం, చంపడం, అమ్మడం నేరం. ఎండిన కొమ్మ రోడ్డు మీద పడుతుందన్న భయం ఉంటే ఆ ఒక్క కొమ్మ కొట్టించండి, బోదె జోలికి పోకండి.

ఎప్పుడు కంగారు పడాలంటే, పక్షి నేల మీద కూర్చుని మనం దగ్గరికి పోయినా ఎగరకపోతే, రెక్క వేలాడుతుంటే, కళ్ళు పూర్తిగా మూసుకుని తూలుతుంటే. అప్పుడు ఒక గుడ్డ కప్పి, గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకటిగా ఉంచి అటవీశాఖ వాళ్ళకి ఫోన్ చేయండి. పాలు, అన్నం, నీళ్ళు నోట్లో పోయకండి.


చీమకుర్తి_కొండ
జనవరి 22

మాది చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ తీసి వదిలేసిన పాత క్వారీ ఒకటి మా చేల వెనక ఉంది, అడుగున ఎప్పుడూ నీళ్ళుంటాయి. మూడేళ్ళ కింద ఒకరోజు సాయంత్రం నాలుగింటికి గేదెల కోసం ఆ అంచున పోతుంటే ఎదురు గోడలో రాతి అరుగు మీద పెద్ద పిల్లి అంత గుడ్లగూబ కూర్చుని ఉంది. తల మీద రెండు కొమ్ముల్లా ఈకలు, నారింజ రంగు కళ్ళు. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను, నాకైతే కాళ్ళు కదల్లేదు. తర్వాత తెలుసుకున్నది, అది కొండల్లో, రాళ్ళగుట్టల్లో ఉండే పెద్ద గుడ్లగూబ, గూడు కట్టదు, రాతి అంచు మీద ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది. పగలు బండ నీడలో కూర్చుని ఎవరన్నా దగ్గరికొస్తే లేస్తుంది, పొద్దు వాలకముందే వచ్చి ఎత్తైన రాయి మీద కూర్చుంటుంది. ఆ కొమ్ములు చెవులు కావు, ఈకలే. సాయంత్రం బూ... బో అని గొంతు లోతు నుంచి వస్తుంది, క్వారీ గోడలకి తగిలి ఇంకా పెద్దగా వినపడుతుంది. తెలియని మనిషి పరిగెత్తాల్సిందే.

మా వైపు దీనికి ఉన్న అసలు ప్రమాదం వేరే. లంకెబిందెలు, క్షుద్రపూజలు అని చెప్పి దీన్ని పట్టుకోవడానికి తిరిగే మనుషులు ఉన్నారు. పండగల ముందు, అమావాస్యల ముందు ఎక్కువ. అందుకని ఎక్కడ చూశారో ఊరి పేరు, ఇంటి గుర్తులు ఎక్కడా రాయకండి అక్కా, ఫోటో పెట్టినా వెనక ఇల్లు కనపడకుండా పెట్టండి. మీ ఊరి పేరు రాయలేదు, అది మంచి పని చేశారు.


విడవలూరు_వరి
జనవరి 23

నేను వరి రైతుని. టీచరు గారు చెప్పినదానికి ఒకటి కలపాలి, ఎందుకంటే పగలు కనపడే ప్రతి గుడ్లగూబా ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. ఇది నేను కళ్ళారా చూశాను.

రెండేళ్ళ కింద మా చేలల్లో ఎలుకలు విపరీతంగా పెరిగి, పొట్ట మీదున్న పైరుని కొడవలితో కోసినట్టు కోసి పడేశాయి. అందరం కలిసి మందు పెట్టాం. నూకలు 96 పాళ్ళు, నూనె రెండు, బ్రోమాడయోలోన్ రెండు కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో వేయడం, మీలో చేసినవాళ్ళకి తెలుసు. ఆ మందుతో ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డ కట్టే గుణం పోయి కొన్ని రోజులకి చస్తుంది, ఈలోపు నీరసంగా మెల్లగా తిరుగుతుంది. మెల్లగా తిరిగే ఎలుక గుడ్లగూబకి సులువుగా దొరుకుతుంది. పదో రోజో పన్నెండో రోజో, పొద్దున పదకొండు గంటలకి గట్టు మీద ఒక తెల్ల గుడ్లగూబ, ఆ ముఖం తమలపాకు ఆకారంలో ఉండేది, రెక్కలు కొంచెం పరిచి కూర్చుని ఉంది. నేను దగ్గరికి పోయినా కదల్లేదు. ముక్కు దగ్గర రక్తం. తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చాను, సాయంత్రానికి పోయింది. అది మా ఊరి మూతపడ్డ రైసు మిల్లులో ఉండే జంటలోది. మిల్లులో పిల్లలు బుసబుసమని అరుస్తుంటే పాములున్నాయని ఎవరూ లోపలికి పోయేవాళ్ళు కాదు, అవి గుడ్లగూబ పిల్లల అరుపులని నాకు అప్పుడే తెలిసింది. రెండో పక్షి ఒక్కటే వాటిని పెంచింది. రోజూ ఇంకా పొద్దు గుంకకముందే వేటకి బయల్దేరేది, పొద్దున బాగా తెల్లారాక కూడా ఎలుకని పట్టుకుని మిల్లు కిటికీలో దూరేది. పిల్లలకి ఆకలైనప్పుడు అది పగలూ రాత్రీ చూసుకోలేదు.

ఆ మిల్లు నేల మీద అది కక్కిన ఉండలు ఉండేవి. గుడ్లగూబ ఎలుకని ముక్కలు చేసుకోకుండా మింగి, అరగని బొచ్చు, ఎముకలు ఉండ చుట్టి బయటికి కక్కుతుంది. ఒక ఉండ విడదీసి చూస్తే అందులో మూడు ఎలుక పుర్రెలు ఉన్నాయి, పళ్ళతో సహా. అంతకు ముందు వారం ఆ ఎలుకలకే నేను మందు కొని తెచ్చాను. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే మనసు ఒప్పదు.

ఇప్పుడు నేను మందు వాడటం లేదు. గట్లు సన్నగా చెక్కి ఉంచుతాను, వెడల్పు గట్టులోనే ఎలుక కన్నం పెడుతుంది. నాట్లప్పటి నుంచే ఎలుకల్ని పట్టే బుట్టలు పెట్టిస్తాను, యానాదులకి కబురు చేస్తాను, కన్నం చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. మడి మధ్యలో అడ్డకర్ర కొట్టిన కొయ్యలు పాతాను. పగలు వాటి మీద పసులపోలిగాడు కూర్చుని పురుగుల్ని పడుతుంది, రాత్రి గుడ్లగూబ కూర్చుంటుంది, పొద్దున పోయి చూస్తే కొయ్య కింద ఉండలు ఉంటాయి. మలేషియాలో పామాయిల్ తోటల్లో ఎలుకల కోసం గుడ్లగూబలకి పెట్టెలు కట్టి పెడతారని చదివాను, మనకి మిల్లులూ చెట్లూ ఉండగా పెట్టెలు కూడా అక్కర్లేదు, ఉన్నవాటిని పడగొట్టకుండా ఉంటే చాలు.

కాబట్టి చెల్లెమ్మా, మీ ఇంటి చుట్టుపక్కల ఎలుకల మందు పెట్టారేమో కనుక్కోండి. మీ పక్షులు మిడతల్ని పడుతున్నాయి, ఒకదానికొకటి దువ్వుకుంటున్నాయి అంటే ప్రస్తుతానికి బాగానే ఉన్నట్టు.


కొత్తపట్నం_తీరం
జనవరి 23

చిన్న మాట. చలికాలంలో ఉత్తరాన ఉండే చలి దేశాల నుంచి వలస వచ్చే గుడ్లగూబ ఒకటి ఉంది, అది చెట్టు మీద కాదు, గడ్డిలో నేల మీద పడుకుంటుంది. మధ్యాహ్నం తిరిగాక బయటికొచ్చి గడ్డి మీద తక్కువ ఎత్తులో రెక్కలు మెల్లగా ఆడిస్తూ వెతుక్కుంటుంది. ఉప్పు మళ్ళ పక్క బీడులో ఒక డిసెంబరులో నేను చూశాను, మొదట గద్ద అనుకున్నాను, నా వైపు తిరిగి ముఖం చూపించాక తెలిసింది. మన తీరంలో ఆ గడ్డి బీళ్ళన్నీ రొయ్యల చెరువులు అయిపోయాయి, ఆ తర్వాత మళ్ళీ కనపడలేదు.


పొదిలి_అత్తయ్య
జనవరి 23

నేను అరవై దాటిన మనిషిని, పెద్దగా చదువుకోలేదు, నా మనవరాలు టైప్ చేస్తోంది. అందరూ పక్షి గురించి బాగా చెప్పారు. నేను మీ అమ్మ గురించి చెబుతాను.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు మా అత్తగారింట్లోకి గూబ దూరింది. అప్పట్లో గూబ దూరితే ఆరు నెలలు ఆ ఇల్లు పాడుపెట్టాలి, శాంతి చేయించి మళ్ళీ గృహప్రవేశం చేయాలి. ఇంటికి తాళం వేసి అందరం గొడ్ల సావిట్లోకి పోయాం. కార్తీకం, మార్గశిరం, పుష్యం, చలి రోజులు. మా ఆయన నాయనమ్మకి ఆయాసం. సావిట్లో ఆ గాలికి, ఆ తేమకి తట్టుకోలేక సంక్రాంతి లోపలే పోయింది. ఊరంతా ఏమన్నారంటే, చూశారా, గూబ దూరిన ఇల్లు, ఒక ప్రాణం తీసుకుపోయింది అన్నారు. నేను అప్పుడు చిన్నదాన్ని, నోరెత్తలేదు. కానీ ముసలామెకి అరుగు మీద మంచం ఉన్నా, వెచ్చటి గది ఉన్నా ఆ ఏడు పోయేది కాదని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

అయినా సరే, మీ అమ్మతో "ఇదంతా మూఢనమ్మకం" అని మాత్రం అనకమ్మా. ఆమె భయం పక్షి గురించి కాదు, మొగుడి గురించి. ఆసుపత్రిలో వరండాలో కూర్చున్న రోజుల భయం ఆమెలో ఇంకా పోలేదు, దానికి ఎక్కడో ఒకచోట చూపించడానికి ఒక రూపం కావాలి, ఆ రూపం చెట్టు మీద దొరికింది. నువ్వు వాదిస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఆమెని నీ కిటికీ దగ్గర కూర్చోబెట్టుకో. చిక్కుళ్ళు ఒలుచుకుంటూ ఇద్దరూ కూర్చోండి. అవి ఒకదాని మెడ ఒకటి దువ్వుకుంటాయని రాశావు కదా, అది ఆమెకి చూపించు. ఉత్తరాది వాళ్ళు గుడ్లగూబని లక్ష్మీదేవి వాహనం అంటారు, అది కూడా ఒక మాట చెప్పు, నష్టం లేదు. నాన్నని కూడా కూర్చోబెట్టు.

ఎప్పుడన్నా ఇంట్లోకే దూరితే లైట్లు ఆపి, ఒక్క కిటికీ బార్లా తెరిచి, గదిలో నుంచి మీరు బయటికి రండి. దానంతటదే పోతుంది. ఇల్లు వదలక్కర్లేదు.


మూలాపేట_పాతపుస్తకాలు
జనవరి 24

ఈ చర్చ చదివాక ఒక విషయం రాయకుండా ఉండలేకపోతున్నాను. మన నిఘంటువులు తీస్తే గుడ్లగూబకి దివాంధం అని ఒక పేరు కనపడుతుంది, పగలు గుడ్డిది అని. దివాభీతం అని ఇంకొకటి, పగటికి భయపడేది అని. కాకారి అని కూడా ఉంది, కాకికి శత్రువు. ఇవి సంస్కృతం నుంచి వచ్చిన పేర్లు. టీచరు గారు చెప్పిన పైడికంటె మాత్రం అచ్చంగా మనది. పైడి అంటే బంగారం. బంగారు కళ్ళది అని. చీకట్లో ఆ కళ్ళ రంగు ఎవరికీ కనపడదు. అంటే ఆ పేరు పెట్టినవాళ్ళు, పొలం పోతూనో గొడ్లు కాస్తూనో, ఎండలో కూర్చున్న ఆ పక్షిని దగ్గరగా చూసినవాళ్ళు. అది పగలు కనపడుతుందని, కళ్ళు తెరిచి మనల్ని చూస్తుందని వాళ్ళకి తెలుసు. మనం మాత్రం దివాంధం అన్న మాటే గుర్తుపెట్టుకున్నాం.

నెల్లూరుకి పక్షులతో ఉన్న సంబంధం పాతది. 1840ల్లో జెర్డాన్ అనే వైద్యుడు ఇక్కడ సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఆయన పక్షుల మీద పుస్తకాలు రాసినవాడు, ఇక్కడి యానాదులతో తిరిగి చాలా జీవుల సంగతులు, తెలుగు పేర్లు తెలుసుకున్నాడు. విడవలూరు రైతు గారు యానాదుల గురించి రాసినది చదివితే అదే గుర్తొచ్చింది. ఆయన పేరుతోనే పిలిచే కలివికోడి కూడా రాత్రిపూట తిరిగే పక్షే, మన పెన్నా పరీవాహక ప్రాంతంలోది. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిపోయిందని అనుకున్నారు, 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. మహారాష్ట్రలో ఇంకో చిన్న గుడ్లగూబ ఉంది, అడవి గుడ్లగూబ, అది మీ పైడికంటెకి దగ్గరి చుట్టమే. 1884 తర్వాత నూరేళ్ళకు పైగా దాని జాడ లేదు, 1997లో కనుక్కున్నారు. అది వేటాడేది ఎక్కువగా పగలే. పగలు చూడగలిగే పక్షి కూడా వందేళ్ళు మనుషుల కంటపడలేదంటే, దాని చెట్లు ఎంతగా పోయాయో ఊహించుకోవచ్చు.

మీ చింతచెట్టు తొర్ర ఒక్క రోజులో రాదమ్మా. ఒక కొమ్మ విరగాలి, ఆ చోట వాన నీరు నిలవాలి, చెద పట్టాలి, లోపల గుల్లబారాలి. ఎన్నో ఏళ్ళు పడుతుంది. కొత్త మొక్క నాటితే నీడ వస్తుంది, తొర్ర రాదు.


దొడ్లో_చింతచెట్టు
జనవరి 26

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. అత్తయ్యగారు చెప్పినట్టే చేశాను. శనివారం పొద్దున అమ్మని కిటికీ దగ్గర కూర్చోబెట్టాను, పక్షి గురించి నేనేమీ మాట్లాడలేదు. ఎనిమిదింపావుకి మొదటిది వచ్చింది, తర్వాత రెండోది. ఒక కాకి వచ్చి కొమ్మ మీద వాలి అరవడం మొదలుపెట్టింది, ఇంకో రెండు వచ్చాయి. ఆ చిన్న పక్షులు రెండూ ఒళ్ళు సన్నగా చేసుకుని బోదెకి అతుక్కుపోయాయి. అమ్మ లేచి దొడ్లోకి పోయి కాకుల్ని తోలింది. నేను ఆశ్చర్యపోయాను. లోపలికొచ్చి "ఎంత ఉండాయి అవి, పిడికెడు లేవు" అంది. అప్పుడు తల ఆడించడం గురించి చెప్పాను. "నన్ను చూసి అది భయపడిందా" అని రెండుసార్లు అడిగింది.

నిన్న చెట్టు కొట్టే ఆయన వచ్చాడు. అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, రాత్రి అరుపు వినపడితే చెవులు మూసుకుంటుంది. నాన్న మాత్రం నెల రోజుల్లో మొదటిసారి గట్టిగా మాట్లాడారు, "ఆ చెట్టు మా నాయన నాటింది, రోడ్డు మీది కొమ్మ ఒక్కటే తియ్యి" అని. వాళ్ళు కొమ్మ కొడుతున్నంతసేపు నేను కింద నిలబడే ఉన్నాను. తాడు కట్టి మెల్లగా దించారు. ఆ రోజు పక్షులు బయటికి రాలేదు, ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. ఈరోజు పొద్దున ఎనిమిదికి ఒకటి వచ్చి కూర్చుంది.

పక్కింట్లో బియ్యం బస్తాల దగ్గర ఎలుకల మందు పెట్టారట, విడవలూరు అన్న చెప్పాక అడిగితే తెలిసింది. పెద్దమ్మకి బోను కొనిచ్చాను, మందు తీయించాను.


కావలి_సైన్స్‌టీచర్
జనవరి 26

చాలా సంతోషం అమ్మా. ఇంకొక్క జాగ్రత్త, తొర్రలోకి ఫోన్ పెట్టి ఫోటో తీయాలని ఎవరూ ప్రయత్నించకుండా చూడండి, కలత పడితే గుడ్లు వదిలేసి పోవచ్చు. గుడ్లు పొదగడానికి సుమారు నెల, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల. తెల్లటి నూగుతో ఉన్న పిల్ల ఎప్పుడన్నా చెట్టు కింద కనపడితే కంగారు పడి ఇంట్లోకి తేకండి, అదే చెట్టులో అందినంత ఎత్తున పెట్టండి, పెద్దవి వచ్చి మేపుతాయి.


దొడ్లో_చింతచెట్టు
మార్చి 29

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి. నాన్న ఇప్పుడు పొద్దున్నే కాలవ గట్టు దాకా నడిచి వస్తున్నారు. వచ్చాక మడతకుర్చీ చింతచెట్టుకి ఎదురుగా వేసుకుని రాగి జావ తాగుతూ కూర్చుంటారు. మొన్న శుక్రవారం అక్కడి నుంచే నన్ను కేకేశారు. తొర్ర అంచున ఒకటి కాదు, మూడు ముఖాలు, నూగు ఇంకా పూర్తిగా పోలేదు, మూడూ ఒకేసారి నాన్న వైపు తల పక్కకి వాల్చి చూస్తున్నాయి. చీకటి పడకముందే పెద్దవి రెండూ వీధిలైటు స్తంభం దగ్గరికి వస్తాయి, లైటు వెలగ్గానే పురుగుల్ని పట్టుకుని పోతాయి, నిమిషానికొకసారి తొర్రకీ స్తంభానికీ తిరుగుతాయి.

రేపు నేను చెన్నై వెళుతున్నాను. రోజూ ఎన్ని కనపడ్డాయో ఫోన్‌లో చెప్పమని నాన్నని అడిగాను. అమ్మ వంటింట్లో నుంచి "నేను చెబుతాలే" అంది.